రిమోట్ పనిచేయకపోతే కారు ఆగిపోయినట్టేనా? తాళంచెవి గురించిన అపోహలు, వాస్తవాలు

విజయవాడ ఆటోనగర్‌లో కార్ల తాళాలు, ఎలక్ట్రికల్ పనులు చేసే మాలాంటివారికి ఏ కాలంలోనైనా తప్పకుండా వచ్చే ఫోన్ ఒకటి ఉంది. రిమోట్ నొక్కితే తలుపు తెరుచుకోవడం లేదని, స్టార్ట్ బటన్ నొక్కితే కీ కనబడటం లేదని తెరమీద వస్తోందని, పక్కనున్నవారు ఈసీఎం, అంటే ఇంజన్‌ను నడిపించే కంప్యూటర్, పోయిందని చెబుతున్నారని, టోయింగ్ బండిని పిలిపించమంటారా అని అవతలివారు ఒక్క గుక్కలో అడుగుతారు. ఇలాంటి సందర్భాల్లో చాలాసార్లు పోయింది తాళంచెవిలోని బిళ్ళ బ్యాటరీ ఒక్కటే. వంద రూపాయలు కూడా చేయని ఆ బ్యాటరీ కోసం జనం టోయింగ్‌కు, కొత్త కీకి, కీని కారుకు మళ్లీ జతచేసే, అవసరమే లేని ప్రోగ్రామింగ్‌కు వేల రూపాయలు పోయడం చూసి చూసి ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

అపోహ: కీలో బ్యాటరీ అయిపోతే కారు స్టార్ట్ కాదు

మనం కీ అని పిలిచే ఆ ప్లాస్టిక్ ముక్కలో ఒకదానితో ఒకటి సంబంధం లేని మూడు వస్తువులు కలిసి ఉంటాయి. మొదటిది తలుపు తెరిచే ఇనుప పలక. రెండవది తాళం వేసి తీసే రిమోట్. మూడవది ఇంజన్‌కు అనుమతి ఇచ్చే చిప్. వీటిలో బ్యాటరీ అవసరమయ్యేది రిమోట్‌కు మాత్రమే. చిప్‌కు సొంత బ్యాటరీ ఉండదు. ఇగ్నిషన్ లాక్ చుట్టూ ఉండే చిన్న రాగి కాయిల్, కీ తిప్పగానే దాదాపు 125 కిలోహెర్ట్జ్ దగ్గర ఒక అయస్కాంత క్షేత్రాన్ని పుట్టిస్తుంది; చిప్ ఆ క్షేత్రం నుంచే తనకు కావలసిన కాస్త శక్తినీ తీసుకుని తన గుర్తింపును తిరిగి పంపుతుంది; ఆ గుర్తింపు కారులో నమోదైనదానితో సరిపోలితేనే ఇమ్మొబిలైజర్ అనే దొంగతన నిరోధక వ్యవస్థ ఇంజన్‌ను నడవనిస్తుంది. ఐరోపా సమాఖ్య 1998 నుంచి కొత్త కార్లకు తప్పనిసరి చేసిన ఈ ఏర్పాటు ఇప్పుడు మన రోడ్ల మీద తిరిగే దాదాపు అన్ని కార్లలోనూ ఉంది. కాబట్టి తిప్పే కీ ఉన్న కారులో రిమోట్ పూర్తిగా చచ్చిపోయినా, ఇనుప పలకతో తలుపు తీసి, అదే కీతో మామూలుగా బయలుదేరవచ్చు.

స్టార్ట్ బటన్ ఉన్న కార్ల యజమానులకు భయం ఎక్కువ, ఎందుకంటే వారికి తిప్పడానికి కీ కనబడదు. ఆ కార్లలో తలుపుల పిడుల్లోనూ లోపలా ఉన్న యాంటెన్నాలు కీని నిద్రలేపుతాయి, కీ తన బ్యాటరీతో జవాబిస్తుంది. బ్యాటరీ అయిపోయినప్పుడు ఆ జవాబు రాదు. అయితే తయారీదారులు ఈ పరిస్థితిని ముందే ఊహించి, స్మార్ట్ కీ అనే ఈ కీలో కూడా బ్యాటరీ అక్కరలేని చిప్ ఒకటి పెట్టారు. చేయవలసిందల్లా ఇది. కీ పక్కనున్న చిన్న మీటను జరిపితే లోపల దాగిన ఇనుప పలక బయటికి వస్తుంది. దానితో డ్రైవర్ తలుపు తీయాలి. కొన్ని మోడళ్లలో తాళపు రంధ్రం పిడి మీద ఒక ప్లాస్టిక్ మూత కింద దాగి ఉంటుంది. తలుపు తీయగానే సైరన్ మోగవచ్చు, దానికి కంగారు పడనక్కర లేదు. కారు కీని గుర్తించగానే అది ఆగిపోతుంది. లోపల కూర్చుని, బ్రేకు, గేరు బండి అయితే క్లచ్, నొక్కిపట్టి, కీని స్టార్ట్ బటన్‌కు ఆనించి నొక్కాలి. చాలా కంపెనీల కార్లలో పద్ధతి ఇదే. కొన్నింటిలో మాత్రం కీని స్టీరింగ్ కింద ఒక గుర్తు దగ్గరో, కప్ హోల్డర్‌లోనో, ప్రత్యేకమైన గాడిలోనో పెట్టాలి. మీ కారులో అది ఎక్కడో యజమాని పుస్తకంలో ఉంటుంది. ఆ పుస్తకాన్ని ప్లాస్టిక్ కవరు కూడా విప్పకుండా గ్లవ్ బాక్సులో దాచుకునేవారే ఎక్కువ. తలుపు తెరుచుకోనప్పుడు ఆ పుస్తకం కూడా లోపలే ఉండిపోతుంది కనుక, ఆ ఒక్క పేజీని ఫోనులో ఫోటో తీసి పెట్టుకోవడం మంచిది.

ఒక రాత్రి గన్నవరం విమానాశ్రయం పార్కింగ్ నుంచి ఒక పెద్దాయన ఫోన్ చేశారు. కొడుకు దగ్గరికి వెళ్లి కొన్ని వారాల తరువాత తిరిగివచ్చారు, భార్య పక్కనే ఉన్నారు, కారు ఉలకడం లేదు పలకడం లేదు. "బాబూ, ఆవిడకు షుగరు, ఈ వేళప్పుడు ఇక్కడ ఎంతసేపు నిలబడతాం?" అని అడిగారు. మీట ఎక్కడుందో, మూత ఎక్కడుందో ఫోనులోనే చెప్పాను. సైరన్ మోగగానే ఆయన కీ కింద పడేసి "అయ్యో, దొంగననుకుంటారేమో!" అన్నారు. కీ తీసి బటన్‌కు ఆనించమన్నాను. ఇంజన్ శబ్దం నాకు ఫోనులోనే వినిపించింది. మరునాడు ఆయన వచ్చి బ్యాటరీ మార్పించుకుని, ఇంత చిన్న విషయం కారు అమ్మేటప్పుడు ఎందుకు చెప్పలేదని కోప్పడ్డారు. ఆ కోపం న్యాయమైనదే.

అయిపోయింది కీలోని బ్యాటరీయా, కారు బ్యాటరీయా అన్నది తేల్చుకోవడానికి మెకానిక్ అక్కరలేదు. ఇంట్లో ఉన్న రెండవ కీని తెచ్చి చూడండి. అది పనిచేస్తే మొదటి కీలోని బ్యాటరీయే కారణం అనుకోవచ్చు. రెండూ పనిచేయక, లోపలి దీపం కూడా వెలగకపోతే లేదా మసకగా వెలిగితే, అయిపోయింది కారు బ్యాటరీ. అప్పుడు మరో బ్యాటరీకి తీగలు కలిపి జంప్ స్టార్ట్ చేయించాలి గాని కీని పట్టుకుని కుస్తీ పడితే ప్రయోజనం లేదు.

అపోహ: బ్యాటరీ తీస్తే కీ ప్రోగ్రామింగ్ పోతుంది

ఈ మాట చెప్పి డబ్బు గుంజేవారిని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. కీలోని గుర్తింపు విద్యుత్తు లేకపోయినా నిలిచివుండే మెమొరీలో ఉంటుంది. కొన్ని పాత మోడళ్లలో రిమోట్‌ను మళ్లీ ఒకసారి జత చేయవలసి రావచ్చు. చిప్ మాత్రం చెక్కుచెదరదు. పాత బ్యాటరీ మీద ఉన్న సంఖ్యనే కొత్తదాని మీద కూడా చూసి కొనండి. ఎక్కువ కీలలో వాడే సీఆర్ 2032లో మొదటి రెండు అంకెలు 20 మిల్లీమీటర్ల వ్యాసాన్ని, తరువాతి రెండు 3.2 మిల్లీమీటర్ల మందాన్ని సూచిస్తాయి. దాని బదులు 2025 పెడితే అది పలచన కావడం వల్ల వదులై, గతుకు వచ్చినప్పుడల్లా రిమోట్ ఆగి ఆగి పనిచేస్తుంది. పాత బ్యాటరీని మాత్రం పసిపిల్లలకు అందేచోట వదలకండి. అది గొంతులో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే అన్నవాహికను కాల్చివేయగలదు. మింగారన్న అనుమానం వచ్చినా వాంతి చేయించే ప్రయత్నం చేయకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి.

ప్రోగ్రామింగ్ నిజంగా పోకుండానే బండి ఆగిపోయే సందర్భం ఒకటి ఉంది, దాన్ని మనమే కొనితెచ్చుకుంటాం. కీ కవరు అరిగిపోయిందని ఆన్‌లైన్‌లో మడత కీ కవరు తెప్పించి, రిమోట్ సర్క్యూట్‌ను కొత్త కవరులోకి మార్చి, పాతదాన్ని చెత్తబుట్టలో వేస్తారు. చాలా మోడళ్లలో చిప్ ఆ సర్క్యూట్ మీద ఉండదు. బియ్యపుగింజ కంటే కాస్త పెద్దదైన నల్లని ముక్కగా పాత కవరు మూలలో అతికి ఉంటుంది. గుడివాడ నుంచి ఒక కుర్రవాడు ఇలాగే కారును లారీ మీద ఎక్కించుకుని వచ్చాడు. తలుపులు రిమోట్‌తో చక్కగా తెరుచుకుంటున్నాయి, ఇంజన్ మాత్రం అందుకోవడం లేదు. అప్పటికే ఒక వర్క్‌షాపులో ఈసీఎం మార్చాలని పెద్ద అంకె చెప్పారట. పాత కవరు ఏమైందని అడిగాను. ఇంటికి ఫోన్ చేస్తే, అదృష్టవశాత్తు వాళ్ల అమ్మగారు దాన్ని బయట పారేయకుండా పిల్లవాడికి ఆడుకోవడానికి ఇచ్చారని తెలిసింది. సాయంత్రం బస్సులో ఆ కవరు వచ్చింది, బండి కదిలింది.

అపోహ: స్మార్ట్ కీ లోపల ఉంటే కారు తాళం పడనే పడదు

సాధారణంగా పడదు, బీప్ శబ్దంతో హెచ్చరిస్తుంది. అయితే కీ బ్యాటరీ బలహీనంగా ఉన్నా, కీ ఉన్న సంచి డిక్కీలో స్టీలు క్యాను వెనకో లోహపు పెట్టెలోనో ఉన్నా, లోపలి యాంటెన్నాకు కీ కనబడకపోవచ్చు. అందుకే డిక్కీ సర్దేటప్పుడు కీ జేబులోనే ఉండాలి. అదే కారణం వల్ల వైర్‌లెస్ ఛార్జింగ్ పళ్లెం మీద, ఫోనుకు ఆనించి కీ పెట్టకూడదు. బండికి కీ కనబడకపోవడం, కీ వేడెక్కడం రెండూ జరుగుతాయి. చిప్ ఉన్న రెండు కీలను ఒకే గుత్తికి తగిలించడం కూడా సరికాదు, ఎందుకంటే ఒకదాని జవాబు మరొకదానికి అడ్డుపడి ఇమ్మొబిలైజర్ రెండింటినీ తిరస్కరించవచ్చు.

అపోహ: ఒక్క కీ ఉంటే చాలు, పోతే డూప్లికేట్ కొట్టించుకోవచ్చు

రోడ్డు పక్కన కొట్టించే పలక తలుపు తీస్తుంది, ఇంజన్‌ను లేపదు. పనిచేసే కీ ఒకటి చేతిలో ఉండగా రెండవది చేయించుకోవడం తేలిక. ఉన్నవన్నీ పోయాక చేయించడం కొన్ని మోడళ్లలో కంట్రోల్ యూనిట్‌ను రీసెట్ చేయడం దాకా, ఒక్కోసారి మార్చడం దాకా పోతుంది. కొత్త కారుతో కీ సంఖ్య ముద్రించిన చిన్న బిళ్ళ ఇస్తారు. దాన్ని కీ గుత్తికి తగిలించకుండా ఇంట్లో బీరువాలో పెట్టండి. పాత కారు కొనేవారు రెండు కీలూ అడిగి తీసుకోవాలి. బండి దొంగతనమైతే బీమా కంపెనీ రెండు అసలు కీలూ అడుగుతుంది. చాలా మోడళ్లలో ఎన్ని కీలు నమోదై ఉన్నాయో స్కానర్ చూపిస్తుంది, పాత యజమాని దగ్గర మిగిలిపోయినదాన్ని తొలగించడమూ సాధ్యమే.

ఇక వాట్సాప్ పుకార్లు. కీ లోపల పెట్టి లాక్ చేస్తే ఇంట్లో ఉన్నవారు రెండవ రిమోట్‌ను ఫోన్ దగ్గర నొక్కితే కారు తెరుచుకుంటుందన్నది పచ్చి అబద్ధం. రిమోట్ పంపేది రేడియో తరంగం, ఫోన్ మోసుకుపోయేది శబ్దం. రంధ్రం చేసిన టెన్నిస్ బంతిని తాళానికి ఆనించి నొక్కితే కారు తెరుచుకుంటుందన్నదీ అబద్ధమే. పార్క్ చేసిన కారులో ఎర్ర దీపం మిణుకుమనడం భద్రతా వ్యవస్థ మేలుకుని ఉన్నదనడానికి గుర్తు, దానివల్ల బ్యాటరీ ఖాళీ కాదు. చల్లని గ్లవ్ బాక్స్ ఫ్రిజ్ కాదు, ఏసీ ఆగగానే అదీ వేడెక్కుతుంది. మందులు, పవర్ బ్యాంకు, లైటరు అందులో వదలవద్దు. ఒరిజినల్ ఆర్సీ కూడా అక్కడ ఉండనక్కర లేదు, డిజిలాకర్, ఎంపరివాహన్‌లోని పత్రాలను అంగీకరించాలని కేంద్ర రవాణా శాఖ 2018లోనే రాష్ట్రాలకు చెప్పింది. సీటు మీది హెడ్‌రెస్ట్‌ను అద్దం పగలగొట్టడానికే ఊడివచ్చేలా చేశారన్నదీ కట్టుకథే. అది వెనకనుంచి గుద్దినప్పుడు మెడను కాపాడటానికి ఉన్నది, ఎత్తు సరిచేసుకోవడానికి ఊడివస్తుంది.

అపోహ: మన ఇంటి ఆవరణలో కారుకు తాళం ఎందుకు?

దీన్ని పుకార్లతో కలిపి దాటవేయలేను. 2025 వేసవిలో చేవెళ్ల దగ్గర ఇద్దరు, విజయనగరం జిల్లాలో నలుగురు పిల్లలు ఆడుకుంటూ నిలిపి ఉన్న కారులోకి ఎక్కి బయటికి రాలేక ఊపిరాడక చనిపోయారు. పిల్లలు తలుపు తీసుకుని వస్తారులే అనుకోవడం పొరపాటు. చైల్డ్ లాక్ వేసి ఉన్న వెనక తలుపు లోపలి నుంచి తెరుచుకోదు, బయటి నుంచి మాత్రమే తెరుచుకుంటుంది. ముందు తలుపులకు చైల్డ్ లాక్ ఉండదు గాని, ముందు సీటులోకి పాకి పిడి లాగాలన్న ఆలోచన భయపడిన పసివాడికి రాదు. ఎండలో నిలిపిన కారు లోపల వేడి మొదటి అరగంటలోనే విపరీతంగా పెరుగుతుంది, అద్దాలు కాస్త దించి ఉంచడం వల్ల అది పెద్దగా తగ్గదు. అందువల్ల ఇంటి ఆవరణలోనైనా కారుకు తాళం వేసి, కీని పిల్లలకు అందని ఎత్తులో పెట్టాలి. కాస్త ఊహ తెలిసిన పిల్లలకు ముందు సీటులోకి వెళ్లి పిడి లాగడం, హారన్ మోగించడం నేర్పాలి. చాలా కార్లలో కీ లేకపోయినా హారన్ మోగుతుంది.

బిడ్డ లోపల ఉండి తాళం పడితే నాలాంటివాడు వచ్చేదాకా ఎదురుచూడవద్దు. రెండవ కీ చేతిలో లేకపోతే, బిడ్డకు దూరంగా ఉన్న పక్క అద్దాన్ని మధ్యలో కాకుండా మూల దగ్గర సుత్తితోనో జాకీ రాడ్డుతోనో గట్టిగా కొట్టాలి. అది చిన్న చిన్న పలుకులుగా రాలిపోతుంది. ముందు అద్దం రెండు పొరల మధ్య ప్లాస్టిక్ ఉన్నది కనుక పగిలినా ఊడిరాదు, దానిమీద సమయం వృథా చేయవద్దు. కొత్త ఖరీదైన కార్లు కొన్నింటిలో ముందు తలుపుల అద్దాలు కూడా అలాంటివే, అప్పుడు వెనక అద్దాన్ని కొట్టాలి. బిడ్డను నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒంటిమీద నీళ్లు చల్లుతూ విసరాలి. ఈలోగా పక్కనున్నవారెవరైనా 108కి ఫోన్ చేయాలి.