లైసోజోమ్ చిట్లకుండా: ఒక ఎంజైమ్ టెస్ట్ వెనుక కథ

పిల్లాడి పొట్ట ఉబ్బుతుంది. కాలేయం, ప్లీహం పెరుగుతాయి, రక్తం తగ్గుతుంది. కారణం తేలక ఆస్పత్రుల చుట్టూ తిరిగే కుటుంబాలకు హైదరాబాద్‌లో ఎప్పుడో ఒకప్పుడు ‘ఎంజైమ్ టెస్ట్ చేయించండి’ అనే మాట వినపడుతుంది. ఆ పరీక్షలు చేసే చోట్లలో ఉప్పల్‌లోని సీడీఎఫ్‌డీ (డీఎన్ఏ పరీక్షలు చేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) ఒకటి. అరుదైన జబ్బులకు కేంద్ర ప్రభుత్వం గుర్తించిన ప్రత్యేక కేంద్రాల జాబితాలో సీడీఎఫ్‌డీ, పంజాగుట్ట నిమ్స్ కలిపి ఉన్నాయి.

పరీక్ష సూత్రం సులువే. తెల్ల రక్తకణాలను పగలగొట్టి, అందులోని ఎంజైమ్‌కు ఒక కృత్రిమ పదార్థాన్ని అందిస్తారు. ఎంజైమ్ దాన్ని విడగొడితే మెరుపు కనిపిస్తుంది, లేకపోతే లేదు. ఇక్కడ కణం ఎంత బాగా పగిలితే అంత మంచిది. కానీ ఈ ఎంజైమ్‌లు ఉండేది లైసోజోమ్‌లో, అంటే కణంలోని చెత్తను విడగొట్టే చిన్న సంచిలో. ఒక ఎంజైమ్ లోపిస్తే అది విడగొట్టాల్సింది అక్కడే పేరుకుని జబ్బు వస్తుంది. లోపల ఏం పేరుకుంటోందో చూడాలంటే ఆ సంచి అస్సలు పగలకూడదు. చిక్కంతా అక్కడే.

1949లో బెల్జియంలోని లూవాన్‌లో క్రిస్టియాన్ ద దువ్ అనే శాస్త్రవేత్త ఇన్సులిన్ మీద పనిచేస్తూ ఎలుక కాలేయంలోని ఒక ఎంజైమ్ వెంట పడ్డాడు. పనిలో పనిగా ఆసిడ్ ఫాస్ఫటేజ్ అనే మరో ఎంజైమ్‌నూ కొలిచేవాడు. కాలేయాన్ని బ్లెండర్‌లో తిప్పినప్పుడు అది బాగానే కనిపించింది. కణ శాస్త్రవేత్త ఆల్బర్ట్ క్లాడ్ నేర్పిన పద్ధతిలో సున్నితంగా నలిపి, సెంట్రిఫ్యూజ్‌లో గిర్రున తిప్పి వేరుచేస్తే మాత్రం ఉండాల్సిన దాంట్లో పదో వంతే తేలింది. ఐదు రోజులు ఫ్రిజ్‌లో ఉంచి మళ్లీ కొలిస్తే మొత్తం తిరిగి వచ్చేసింది! మిక్సీలో వేసిన పప్పుకీ రోట్లో మెల్లగా నలిపిన పప్పుకీ ఉన్నంత తేడా ఇది. మెల్లగా నలిపినప్పుడు పొర పగలక ఎంజైమ్ లోపలే దాక్కుంది, రోజులు గడిచాక పొర చెడి బయటికొచ్చింది. ఈ కథ చెప్పేవాళ్లంతా ఫ్రిజ్‌నే మెచ్చుకుంటారు. నేనైతే బ్లెండర్‌ను పక్కన పెట్టినందుకే ఎక్కువ మార్కులు వేస్తాను. అది మారకపోతే దాచిన ఎంజైమ్ ఉందనే అనుమానమే రాదు.

ఇదే తీరులో దాగే మరికొన్ని ఎంజైమ్‌లు దొరికాక, 1955లో ద దువ్ ఆ సంచికి లైసోజోమ్ అని పేరు పెట్టాడు. 1974లో ఆయనకు, క్లాడ్‌కు, జార్జ్ పలాడేకు కలిపి నోబెల్ వచ్చింది.

జబ్బులతో ముడి పడింది 1963లో. ద దువ్ సహచరుడు హెర్స్, పాంపే జబ్బు ఉన్న పిల్లల్లో గ్లైకోజెన్‌ను (శరీరంలో నిల్వ ఉండే చక్కెర రూపం) విడగొట్టే ఒక లైసోజోమ్ ఎంజైమ్ లేదని చూపించాడు. ఆ తర్వాత ఒక్కో జబ్బుకూ లోపించిన ఎంజైమ్ బయటపడుతూ వచ్చింది. వాటిలో ఒకటైన గాషే జబ్బుకు 1991లో అమెరికాలో మొదటి ఎంజైమ్ మందుకు అనుమతి దొరికింది. దాన్ని ప్రసవం తర్వాత వచ్చే మాయ (ప్లాసెంటా) నుంచి తీసేవారు. ఇలాంటి మందుల ఖర్చు పిల్లాడి బరువుతో పాటు పెరుగుతుంది, జీవితాంతం ఎక్కించుకోవాలి. మన దేశంలో 2021 అరుదైన జబ్బుల విధానం కింద, తర్వాత పెంచిన పరిమితి ప్రకారం, ఒక్కో రోగికి 50 లక్షల రూపాయల వరకు సాయం ఉంది. అది అయిపోయాక ఏమిటన్నదే ఇళ్లలో టెన్షన్.

అయితే లైసోజోమ్ జబ్బుల్లో ఎంజైమ్ కాని లోపాలూ ఉన్నాయి. బాటెన్ జబ్బులో పిల్లలకు ముందు చూపు పోతుంది, తర్వాత మూర్ఛలు, మతిమరుపు వస్తాయి. దీనికి కారణమైన సీఎల్ఎన్3 జన్యువు 1995లోనే దొరికినా, దాని ప్రొటీన్ పనేమిటో పాతికేళ్లకు పైగా తేలలేదు. లోపలికి తొంగిచూడాలంటే లైసోజోమ్ శుభ్రంగా చేతికి రావాలి. అదేమో కాలేయ కణంలో చాలా చిన్న భాగం, పైగా సాంద్రతలో, కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియాకు దగ్గరగా ఉంటుంది. సెంట్రిఫ్యూజ్‌లో రెండూ కలిసిపోతాయి. 1960లలో ఎలుకలకు ట్రైటాన్ అనే డిటర్జెంట్ ఎక్కించి, లైసోజోమ్‌లను దానితో నింపి తేలికచేసి విడదీశారు. తెలివైన పనే, కానీ డిటర్జెంట్‌తో ఉబ్బిన లైసోజోమ్ మామూలు లైసోజోమ్ కాదు. ఇనుప రేణువులు తినిపించి అయస్కాంతంతో లాగే పద్ధతీ వచ్చింది. ఎక్కువ సేపు పట్టే పద్ధతుల్లో చిన్న అణువులు ఈలోపే కారిపోయేవి, మారిపోయేవి.

2017లో అమెరికాలోని డేవిడ్ సబటిని ల్యాబ్‌లో మోంథర్ అబూ రెమైలే బృందం దారి మార్చింది. లైసోజోమ్ పొరలోని టీఎంఈఎం192 ప్రొటీన్‌కు చిన్న ట్యాగ్ తగిలించి, దాన్ని పట్టే యాంటీబాడీ పూసిన అయస్కాంత పూసలతో సుమారు పది నిమిషాల్లో లైసోజోమ్‌లను లాగేశారు. దీన్నే లైసో-ఐపీ అంటారు. 2022లో ఇదే పద్ధతితో, సీఎల్ఎన్3 లేకపోతే కొవ్వులు విరగ్గా మిగిలే గ్లిసరోఫాస్ఫోడైఎస్టర్లు లైసోజోమ్‌లోంచి బయటికి పోలేక పేరుకుంటాయని తేల్చారు.

సీఎల్ఎన్3 పొరలోనే ఇరుక్కుని ఉండే ప్రొటీన్, కాబట్టి గాషేలో లాగా సెలైన్‌తో ఎక్కించి లోటు పూడ్చలేం. ట్యాగ్ వేయాలంటే కణం జన్యువునే మార్చాలి, రోగి రక్తంలో ఆ ట్యాగ్ ఉండదు. అందుకే ఈ మధ్య ట్యాగ్ లేకుండా, సహజంగా ఉన్న టీఎంఈఎం192నే నేరుగా పట్టే యాంటీబాడీతో రక్తకణాల లైసోజోమ్‌లను తీసే పద్ధతి వచ్చింది. ప్రస్తుతానికి అది పరిశోధనకే, రోగ నిర్ధారణకు ఎంజైమ్, జన్యు పరీక్షలే దిక్కు.