ధాన్యపు గింజలో పదో వంతు

సంక్రాంతికి నాలుగు రోజుల ముందు, విజయనగరంలో మా మేడ మీద ఆన్‌లైన్‌లో కొన్న చిన్న గాలి కాలుష్యం సెన్సార్ ఒకటి తగిలించాను. పొద్దున్న ఆరింటికి చూస్తే పీఎం 2.5 (గాలిలో తేలే అతి సన్నటి కణాల లెక్క) అంకె రెండొందలు దాటి ఉంది. పొగ వాసన లేదు, కళ్ల మంటా లేదు. మంచు మాత్రం ఎదురింటి వాటర్ ట్యాంకు కనబడనంతగా కమ్మేసింది. తొమ్మిదింటికి ఎండెక్కాక అంకె సగానికి దిగిపోయింది.

చలి రాత్రుల్లో పొగ పైకి లేవక నేలబారున ఉండిపోతుంది, అది నిజమే. కానీ ఆ అంకెలో తేమ వాటా కూడా ఉంది. ఆ డబ్బాలో ఉండేది బుల్లి ఫ్యాను, లేజర్, వెలుగును పట్టే చిన్న కన్ను. కిరణానికి అడ్డొచ్చిన కణం ఎంత మెరిసిందో చూసి బరువు ఊహిస్తుంది. సంతలో కోడిని చేత్తో ఎత్తి ‘రెండు కిలోలుంటుంది’ అనేవాడి లెక్క అన్నమాట. గాలిలో తేమ పెరిగితే ఉప్పు కణాలు నీళ్లు పీల్చి ఉబ్బుతాయి, ఉబ్బితే ఎక్కువ మెరుస్తాయి. సముద్రం దగ్గరున్న మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఈ పొరపాటుకు కొదవుండదు. అలాగని పారేయక్కర్లేదు. అసలు యంత్రం పక్కన కొన్ని వారాలుంచి, తేడా కట్టి సరిచేస్తే బాగానే పనికొస్తుంది.

అసలు యంత్రమంటే తూచేది. నిమిషానికి 16.7 లీటర్ల గాలిని పీల్చి, 2.5 మైక్రాన్ల కన్నా లావు కణాలను ముందే ఆపేసి (మన వెంట్రుక మందం సుమారు 60 మైక్రాన్లు), మిగతావాటిని 47 మిల్లీమీటర్ల గుండ్రటి ఫిల్టర్ మీద దించుతుంది. రోజంతా తిరిగితే 24 ఘనపు మీటర్ల గాలి. మన దేశంలో రోజుకి పరిమితి ఘనపు మీటరుకు 60 మైక్రోగ్రాములు (మైక్రోగ్రామంటే మిల్లీగ్రాములో వెయ్యో వంతు). ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది 15. గాలి సరిగ్గా మన పరిమితి దగ్గరే ఉంటే ఫిల్టర్ మీద చేరే దుమ్ము 1.44 మిల్లీగ్రాములు. సాంబమసూరి ధాన్యపు గింజ ఒక్కటి 15 మిల్లీగ్రాముల దాకా తూగుతుంది. అంటే అందులో పదో వంతును తూచాలి. అందుకే ఫిల్టర్‌ని చేత్తో ముట్టరు, పట్టకారుతోనే తీస్తారు. ముందూ వెనకా ఒకే తేమ ఉన్న గదిలో ఒక రోజు ఆరబెట్టి మరీ తూస్తారు. వేలిముద్ర పడితే లెక్క గల్లంతే.

ఢిల్లీ గొడవ మనకెందుకు అనుకునేవాళ్లకు ఓ మాట: 2019లో మొదలైన నేషనల్ క్లీన్ ఎయిర్ ప్రోగ్రామ్ (గాలిని శుభ్రం చేసే కేంద్ర పథకం) ఊళ్ల జాబితాలో శ్రీకాకుళం, విజయనగరం రెండూ ఉన్నాయి.

బరువు తేలినా విషం తేలదు, నన్ను తొలిచేది ఇదే. సముద్రపు ఉప్పు, రైస్ మిల్లు ఊక బూడిద, పలాసలో జీడిపిక్కలు కాల్చిన పొగ, టైరు మసి అన్నీ త్రాసు మీద ఒకటే. ఏది ఎంతో తెలియాలంటే ఆ ఫిల్టర్‌నే ల్యాబులో పరీక్షించాలి. ఎక్స్‌రేలు పంపితే లోహాలు బయటపడతాయి. లీవోగ్లూకోసాన్ అనే చక్కెర లాంటి పదార్థం కనబడితే కట్టెలో గడ్డో కాలినట్టు. మన దేశపు 2009 ప్రమాణాల్లో 12 కాలుష్యాలున్నాయి. సీసం, నికెల్, ఆర్సెనిక్ వాటిలో ఉన్నాయి, మాంగనీసు లేదు. గరివిడి, చీపురుపల్లి వైపు గనులు మాంగనీసువే! తిండిలో కొంచెం కావలసిన లోహమే అయినా, దుమ్ముగా ఏళ్ల తరబడి పీలిస్తే మెదడుకు ఎక్కుతుంది. మాంగనీసు నూరే పనివాళ్ల కాళ్లు పట్టు తప్పడాన్ని 1837లోనే స్కాట్లండ్‌లో కూపర్ అనే డాక్టరు రాసిపెట్టాడు.

భోగి తెల్లవారుజామున మా వీధి మూల మంటలో ఎవరో పాత స్కూటర్ టైరు పడేశారు. ఆ రోజు మంచు లేదు. గొంతు పట్టేసి కిటికీలు మూసుకున్నాం. మసి నల్లగా వెలుగును మింగేస్తుంది, పైగా దాని కణాలు మరీ సన్నం. మేడ మీద సెన్సార్ ఆ మంచు పొద్దున్న కంటే తక్కువే చూపించింది.