డై అంచు పెచ్చులూడితే తప్పు కొలిమిదా, క్రోమియందా?

క్రోమియం ఎక్కువుండే డీ2 అనే పనిముట్ల ఉక్కుతో చేసిన ప్రెస్ డై (లోహాన్ని నొక్కే అచ్చు) అంచు మళ్లీ పెచ్చులూడింది, పాత గొడవ మళ్లీ లేచింది. అరగకుండా ఆ డైకి బోరైడింగ్ చేశారు, అంటే కొలిమిలో వేడిచేసి ఉక్కు పైతలంలోకి బోరాన్ ఎక్కించి గట్టి బోరైడ్ పొర తెప్పించారు. డై షాపువాళ్ల లెక్క సింపుల్: మామూలు కార్బన్ స్టీల్‌కి 150 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) బోరైడ్ పొర వచ్చింది, మా డైకి 40 దాటలేదు, కొలిమిలో ఇంకో నాలుగు గంటలు ఉంచితే సరిపోయేది. బోరైడింగ్ చేసినవాళ్ల వాదన ఇంత పొట్టిగా చెప్పడం కుదరదు.

  ఈ తగువుకు మూలం 1960, 70లలో జర్మనీలో బోరైడింగ్ పౌడర్ పాళ్లు కుదరడంలో ఉంది. బోరాన్ ఘాటుగా ఉండే పౌడర్‌లో వేడిచేస్తే ఉక్కు మీద రెండు పొరలు వస్తాయి. పైన ఎఫ్‌ఈబీ (ఇనుము, బోరాన్ ఒకటికొకటి), దాని కింద ఎఫ్‌ఈ2బీ (రెండు ఇనుముకు ఒక బోరాన్). గట్టిదనం కొలిచే విక్కర్స్ లెక్కలో రెండూ 1800 పైమాటే. కానీ వేడికి ఎఫ్‌ఈబీ దాదాపు మూడింతలు ఎక్కువ సాగుతుంది. చల్లారేటప్పుడు అంతే ఎక్కువగా ముడుచుకోబోతుంది, కింది పొర ముడుచుకోనివ్వదు. రెంటి మధ్య, పైతలానికి సమాంతరంగా, సన్నని పగులు పారుతుంది. పెచ్చు లేచేది అక్కడే.

జర్మన్లు బోరాన్ కార్బైడ్‌ను 5 శాతానికి తగ్గించి, 90 శాతం సిలికాన్ కార్బైడ్ కలిపి, మిగతా 5 శాతం పొటాషియం ఫ్లోరోబోరేట్ వేశారు. ఘాటు తగ్గింది. మామూలు ఉక్కు మీద ఎఫ్‌ఈ2బీ ఒక్కటే నిలిచింది. ముక్క కోసి మైక్రోస్కోప్ కింద పెడితే ఆ పొర రంపపు పళ్లలా లోపలికి దిగి ఉక్కును కరిచి పట్టుకున్నట్టు కనిపిస్తుంది. పొర ఎంత మందమైతే పని అంత బాగున్నట్టు అనే నమ్మకం ఇక్కడే బలపడిందని నా అనుమానం.

డీ2లో క్రోమియం 12 శాతం, కార్బన్ ఒకటిన్నర. క్రోమియం ఇనుము స్థానంలో బోరైడ్‌లోకి దూరుతుంది, కొంత తనే క్రోమియం బోరైడ్ అవుతుంది, బోరాన్ లోపలికి దిగే వేగాన్ని తగ్గిస్తుంది. బోరైడ్‌లో ఇమడని కార్బన్ ముందుకు నెట్టుకుపోయి పొర కింద పోగవుతుంది. పళ్లు పోయి, స్కేలు పెట్టి గీసినట్టు తిన్నని అంచు మిగులుతుంది. మామూలు ఉక్కు మీద ఎఫ్‌ఈబీ రానివ్వని పౌడరే ఇక్కడ దాన్ని తెస్తుంది. క్రోమియం ఎక్కువున్న ఉక్కులకు 25 నుంచి 75 మైక్రాన్లే సరైన మందం అనడం అందుకే.

ఇక ఆ నాలుగు గంటలు. పొర మందం కాలం వర్గమూలం లెక్కన పెరుగుతుంది. 4 గంటలకు 40 మైక్రాన్లు వస్తే 80కి 16 గంటలు కావాలి. ఆ లోగా పైన ఎఫ్‌ఈబీ కూడా మందమవుతుంది. షాపువాళ్లు అడుగుతున్నది పగులునే అన్నమాట.

చేసినవాళ్ల తప్పు లేదనను. బోరాన్ అందకుండా ఇంకాసేపు వేడిలో ఉంచితే ఎఫ్‌ఈబీ కొంత ఎఫ్‌ఈ2బీగా మారుతుంది. ఆ ఖర్చు సంగతి ముందే చెప్పాల్సింది వాళ్లే. ఆర్డర్ కాగితం మీద మాత్రం ఒక్కటే లైను ఉంది: బోరైడింగ్, కనీసం 100 మైక్రాన్లు.