ఒక్కసారే కూర్చోనిచ్చే కుర్చీ: పైలట్ ఎంపిక పరీక్ష వెనుక కథ

నిరుడు వేసవిలో మా అన్న కొడుకు అనంతపురం నుంచి వచ్చి బెంగళూరులో మా ఇంట్లో పది రోజులు ఉన్నాడు. అక్కడి నుంచి మైసూరులోని వైమానిక దళ ఎంపిక బోర్డుకు వెళ్లాలి. వచ్చిన సాయంత్రమే వరండాలో గోడకు నడుం ఆనించి, కాళ్లు బారచాపి కూర్చుని, "చిన్నాన్నా, కొంచెం టేపు పట్టు" అన్నాడు. గోడ దగ్గర నుంచి మడమ దాకా కొలిస్తే 103 సెంటీమీటర్లు వచ్చింది. వాడి ముఖం విప్పారింది. 99కి తగ్గకూడదట, 120 దాటకూడదట. తొడ పొడవు 64 సెంటీమీటర్లకు మించకూడదు. కూర్చున్నప్పుడు ఎత్తు 81.5 నుంచి 96 లోపు ఉండాలి. ఇవన్నీ కాక్‌పిట్ కొలతలు. కాలు పొట్టిదైతే పెడల్ అందదు. తొడ మరీ పొడవైతే ప్రమాదంలో సీటుతో సహా పైకి ఎగిరిపోయేటప్పుడు మోకాళ్లు ముందున్న పలకకు కొట్టుకుంటాయి.

కొలతలు సరిపోయాయి కదా అంటే, "అది కాదు చిన్నాన్నా, నా భయమంతా ఆ మిషన్ గురించే" అన్నాడు. మిషన్ అంటే సీపీఎస్ఎస్, కంప్యూటర్ ద్వారా పైలట్లను ఎంపిక చేసే విధానం. బోర్డులో నాలుగైదు రోజుల పరీక్షలు దాటి సిఫారసు అందుకున్నవాళ్లలో ఫ్లయింగ్ బ్రాంచి కోరుకున్నవారిని దీని ముందు కూర్చోబెడతారు. ఇందులో తప్పితే జన్మలో మళ్లీ రాయనివ్వరు. పదిహేడేళ్లకు ఇంటర్ వాళ్లు రాసే ఎన్‌డీఏ ద్వారా వెళ్లి తప్పినవాడు, డిగ్రీ అయ్యాక ఇరవై రెండేళ్లకు వైమానిక దళ ప్రవేశ పరీక్ష ఏఎఫ్‌క్యాట్ గెలిచి వచ్చినా ఆ తలుపు తెరుచుకోదు. గ్రౌండ్ డ్యూటీ శాఖలకు వెళ్లవచ్చు, అర్హతను బట్టి సైన్యంలోని ఇతర విభాగాలకు వెళ్లవచ్చు. వైమానిక దళంలో విమానం మాత్రం నడపలేడు.

యూపీఎస్సీ పరీక్ష మళ్లీ రాయవచ్చు. సైనికాధికారులను ఎంపిక చేసే ఎస్ఎస్‌బీ బోర్డు ఇంటర్వ్యూకు పదిసార్లు వెళ్లి పదకొండోసారి నెగ్గినవాళ్లున్నారు. ఈ ఒక్క పరీక్షకే ఇంత కఠినమైన నియమం ఎందుకు? ఆ ప్రశ్న వాడు అడిగాడు, నా దగ్గర జవాబు లేదు. తరువాత తీరిగ్గా వెతికి చదువుకున్నాను. కథ మన దేశం కంటే చాలా ముందు, చాలా దూరంలో మొదలైంది.

మొదటి ప్రపంచ యుద్ధం నాటికి పైలట్‌గా ఎవరు పనికొస్తారో ఎవరికీ తెలియదు. గుర్రపు స్వారీ బాగా వచ్చినవాడు, ఆటగాడు విమానం కూడా బాగా నడుపుతాడని సైన్యాలు నమ్మేవి. ఫ్రాన్సులో కొందరు వైద్యులు అభ్యర్థిని కూర్చోబెట్టి, హఠాత్తుగా తుపాకి పేల్చి, వాడి గుండె ఎంత వేగంగా కొట్టుకుంది, చేయి ఎంత వణికింది అని కొలిచేవారు. వణకనివాడు గట్టివాడని లెక్క. ఇప్పుడు చదివితే వింతగా ఉంటుంది కాని, వాళ్ల అవసరం నిజమైనది. శత్రువు కంటే ముందు శిక్షణలోనే కుర్రాళ్లు నేలకూలుతున్న రోజులవి.

1930లలో అమెరికా సైనిక వైద్యుడు మష్బర్న్ ఒక యంత్రం తయారు చేశాడు. కుర్చీ, చేతిలో కంట్రోల్ స్టిక్, కాళ్ల కింద పెడళ్లు, ఎదురుగా దీపాల వరుసలు. యంత్రం వెలిగించిన దీపానికి సరిజోడు దీపాన్ని అభ్యర్థి స్టిక్‌నూ పెడళ్లనూ కలిపి కదిలించి వెలిగించాలి. ఒకటి కుదిరితే వెంటనే మరొకటి. మన పిల్లలు ఈనాడు కూర్చునే కుర్చీకి పూర్వీకుడు అదే.

రెండో ప్రపంచ యుద్ధంలో లక్షల మంది యువకులు వచ్చి పడ్డారు. జాన్ ఫ్లానగన్ నాయకత్వంలో అమెరికా వైమానిక దళ మనస్తత్వ నిపుణులు కాగితం మీద రాసే పరీక్షలనూ యంత్ర పరీక్షలనూ కలిపి, ఒకటి నుంచి తొమ్మిది దాకా ఉండే ఒకే మార్కుగా మార్చారు. ఆ మార్కును నమ్మవచ్చా అన్న అనుమానం వాళ్లకే వచ్చింది. 1943లో వెయ్యి మందికి పైగా అభ్యర్థులను మార్కులు ఎంతొచ్చాయో చూడకుండానే శిక్షణకు పంపించారు. చివరికి లెక్క తీస్తే, పైమార్కుల వాళ్లలో ఎక్కువ మంది గట్టెక్కారు, అడుగు మార్కుల వాళ్లలో ఎక్కువ మంది మధ్యలోనే వెనుదిరిగారు. పైలట్ పరీక్షలంటే ఈనాటికీ ఉన్న గౌరవానికి పునాది ఆ ప్రయోగం. తమ పరీక్షను తామే అనుమానించి, నిజం తేల్చుకునేదాకా ఊరుకోని ఆ పట్టుదల నాకు ఎంతగానో నచ్చింది.

మన వైమానిక దళం 1932 అక్టోబరు 8న పుట్టింది. మొదటి తరం పైలట్లు ఇంగ్లండ్‌లోని క్రాన్‌వెల్‌లో నేర్చుకున్నవాళ్లు. వేళ్ల మీద లెక్కపెట్టగలిగే అంతమందికి ఎంపిక పద్ధతి పెద్ద సమస్య కాలేదు. యుద్ధం ముదిరాక, బ్రిటన్ సైన్యం తన అధికారుల కోసం పెట్టుకున్న ఎంపిక బోర్డుల నమూనాలో 1943లో డెహ్రాడూన్‌లో ఒక ప్రయోగాత్మక బోర్డు ఏర్పడింది. ఈనాటి ఎస్ఎస్‌బీకి అది మూలం. స్వాతంత్ర్యం వచ్చాక 1949లో మనస్తత్వ పరిశోధనకు ఒక విభాగం ఏర్పడింది. అదే తరువాత రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీవో కింద ఢిల్లీలోని డీఐపీఆర్ అయింది.

పైలట్ల కోసం మనవాళ్లు తెచ్చుకున్నది కూడా బ్రిటన్ వైమానిక దళం వాడిన పరీక్షలనే. దాని పేరు పైలట్ ఆప్టిట్యూడ్ బ్యాటరీ టెస్ట్, క్లుప్తంగా పీఏబీటీ. ఇక్కడ బ్యాటరీ అంటే ఒకదాని వెంట ఒకటిగా పెట్టే పరీక్షల వరుస. అందులో మూడు భాగాలుండేవి. మొదటిది విమానంలోని పరికరాలు ఏం చెబుతున్నాయో చదివి కాగితం మీద రాసే పరీక్ష. రెండోది ఎస్ఎంఏ అనే యంత్రం: తెర మీద ఒక చుక్క కుదురు లేకుండా జారిపోతూ ఉంటుంది, దాన్ని చేతిలోని స్టిక్‌తో, కాళ్ల కింది పెడళ్లతో మధ్యలో నిలబెట్టాలి. మూడోది అభ్యర్థులందరూ డ్రమ్ టెస్ట్ అని పిలుచుకున్నది: తిరిగే డ్రమ్ము మీద వంకరటింకరగా వస్తున్న చుక్కల దారిని చేతిలోని మీటతో తాకుతూ పోవాలి. పాత తరం పైలట్లలో చాలామంది ఈ డ్రమ్ము దాటి వచ్చినవాళ్లే.

ఒక్కసారే అన్న నియమానికి మూలం ఈ యంత్రాల స్వభావంలోనే ఉంది. అవి కొలవాలనుకున్నది చదువును కాదు, శిక్షణను కూడా కాదు. ఎప్పుడూ చూడని పనిని చేతులూ కాళ్లూ కళ్లూ కలిసి ఎంత త్వరగా పట్టుకుంటాయన్నది. అలాంటి పనిని రెండోసారి చేస్తే ఎవరికైనా మార్కులు పెరుగుతాయి. ఆ పెరుగుదల అలవాటు వల్ల వచ్చినదా, స్వతహాగా ఉన్న శక్తి వల్ల వచ్చినదా అని విడదీయడం కష్టం. అందుకే ఎవరినైనా మొదటిసారి మాత్రమే నమ్మాలని నిర్ణయించారు. ఆ తర్కంలో నిజం ఉంది. ఒక పైలట్‌ను తయారు చేయడానికి ఏళ్లు పడుతుంది, కోట్లు ఖర్చవుతుంది, పొరపాటు ఎంపికకు మూల్యం ప్రాణం కావచ్చు.

అయితే కూలిన ప్రతి విమానం వెనుకా తప్పుడు ఎంపిక లేదు. ప్రమాదాలను పరిశీలించిన లా ఫాంటెయిన్ కమిటీ 1982లోనే యుద్ధ విమానం ఎక్కడానికి ముందు కుర్రాళ్లకు ఆధునిక జెట్ శిక్షణ విమానం కావాలని చెప్పింది. ఆ విమానం, అంటే హాక్, మన చేతికి వచ్చింది 2008లో. మరుసటి ఏడాది జూలై 31న మెదక్ జిల్లాలో హెచ్‌పీటీ-32 శిక్షణ విమానం కూలి ఇద్దరు పైలట్లు మరణించారు. పదేపదే ఇంజిన్ ఇబ్బందులు పెట్టిన ఆ విమానాలను ఆ తరువాత పక్కన పెట్టేశారు. ఆ విమానాన్ని రూపొందించింది మా బెంగళూరులోని ప్రభుత్వ విమాన సంస్థ హెచ్ఏఎల్. మనిషిని అన్ని విధాలా జల్లెడ పట్టి, వాడి చేతికిచ్చే యంత్రం విషయంలో ఇరవై ఏళ్లకు పైగా ఆలస్యం చేసిన దేశం మనది. ఎంపిక పరీక్ష గురించి మాట్లాడేటప్పుడు ఈ మాట మరిచిపోకూడదని నా అభిప్రాయం.

పాత యంత్రాల స్థానంలోకి సీపీఎస్ఎస్ వచ్చింది ఆ రోజుల్లోనే, 2010 ప్రాంతంలో. పరీక్ష రూపకల్పనలో డీఐపీఆర్‌తో కలిసి పనిచేసింది బెంగళూరులోని డీఆర్‌డీవో ప్రయోగశాల ఏడీఈ. డ్రమ్ము పోయి కంప్యూటర్ వచ్చింది. స్టిక్, పెడళ్లు, పరికరాలు చదివే పరీక్ష ఉన్నాయి. ఒకే సమయంలో రెండు మూడు పనుల మీద మనసు పెట్టగలడా అన్నది మునుపటి కంటే గట్టిగా చూస్తారు. నియమం మాత్రం మారలేదు. ఇందులో కూడా నెగ్గినవాళ్లు వైద్య పరీక్షలకు ఢిల్లీకో, మళ్లీ బెంగళూరుకో వస్తారు. ఇక్కడి ఏరోస్పేస్ మెడిసిన్ సంస్థ 1957 నుంచి ఉంది. రాకేశ్ శర్మను అంతరిక్షానికి పంపే ముందు, ఈమధ్య గగన్‌యాన్ కోసం, పరీక్షించింది అక్కడే. దానికి దగ్గరి మురుగేశ్‌పాళ్య చుట్టుపక్కల తెలుగువాళ్ల ఇళ్లలో మెడికల్స్ కోసం వచ్చి దిగే బంధువుల పిల్లలు కొత్తేమీ కాదు.

ఇప్పుడు అసలు చిక్కు. యంత్రం ఎవరికీ తెలియని రోజుల్లో అందరూ ఒకే గీత మీద నిలబడ్డారు. ఈనాడు బెంగళూరు కుర్రాడు చిన్నప్పటి నుంచి జాయ్‌స్టిక్‌తో ఆడుకున్నాడు. డబ్బున్నవాళ్లు కోచింగ్ కేంద్రంలో అచ్చం అలాంటి కుర్చీ మీదే కూర్చుని సాధన చేస్తారు. మా వాడు మిషన్ చూసింది ఫోనులో, వీడియోలోనే. కోరుకొండ సైనిక్ స్కూలు 1962 నుంచి ఉంది కాబట్టి అక్కడి పిల్లలకు ఈ పరీక్ష సంగతి ముందే తెలుస్తుంది. ధర్మవరంలోనో కదిరిలోనో ఇంటర్ చదివిన పిల్లకు ఎవరు చెబుతారు? అమ్మాయిలకు వైమానిక దళం పైలట్ సీటు ఇచ్చిందే 1994లో. యుద్ధ విమానాలు వాళ్ల చేతికి వచ్చింది 2016లో, మన దుండిగల్‌ వైమానిక దళ అకాడమీలో. ఎన్‌డీఏ తలుపు తెరిచింది 2022లో. దారి చూపే అక్క లేని మొదటి తరం వాళ్లది.

అమెరికా నౌకాదళం తన పైలట్ పరీక్షను జీవితంలో మూడుసార్లు రాయనిస్తుంది. ఆ దేశపు వైమానిక దళం అంతకుముందు విమానం నడిపిన గంటలను కూడా మార్కుల్లో కలుపుతుంది. రెండోది నాకు నచ్చలేదు. గంటకు ఇంతని డబ్బు కట్టి ఎగిరే స్తోమత ఎందరికి ఉంటుంది? మొదటిది మనం ఆలోచించదగ్గది. కనీసం పద్దెనిమిది నిండని పిల్లలకు రెండో అవకాశం ఇస్తే, ఆ మొదటి మార్కును కూడా లెక్కలోకి తీసుకునే పద్ధతి నిపుణులకు అసాధ్యం కాదు. అదీ కుదరదంటే, దరఖాస్తు నింపే రోజునే ఈ నియమాన్ని తెలుగులో, పెద్ద అక్షరాలతో చెప్పాలి. నోటిఫికేషన్ లోపలి పేజీల్లో చిన్న వాక్యంగా ఉంటే సరిపోదు.

మరి సిద్ధం కావడం అంటే ఏమిటి? యంత్రం మీద సాధన కొంత మేలు చేసినా, అసలు పట్టు డబ్బుతో పూర్తిగా కొనుక్కునేది కాదని కోచింగ్ వాళ్లు చెప్పరు, చెబితే వాళ్ల కుర్చీలు ఖాళీ అవుతాయి. కాని పరికరాలు చదవడం మాత్రం నిజంగా నేర్చుకోవచ్చు, ఒక్క రూపాయి లేకుండా. మా వాడు ఆ పది రోజులూ చేసింది అదే. వాడిన నోటుపుస్తకం వెనుక అట్ట మీద గుండ్రాలు గీసుకుని ముళ్లు వేసేవాడు. ఎత్తు చెప్పే పరికరం గడియారంలాంటిది. పెద్ద ముల్లు వందల అడుగులు, చిన్న ముల్లు వేలు చెబుతుంది. చిన్నది మూడు దాటి, పెద్దది అయిదు మీద ఉంటే 3500 అడుగులు. ఇంతవరకు మా ఆవిడ కూడా చెప్పేసింది.

అందరినీ బోల్తా కొట్టించేది కృత్రిమ దిగంతం. ఆ పరికరంలో పైన నీలం, కింద మట్టి రంగు. మధ్యలో విమానం గుర్తు కదలదు, దిగంతపు గీతే వాలుతుంది. విమానం కుడికి ఒరిగితే గీత కుడివైపు పైకి లేస్తుంది, ఎడమవైపు దిగుతుంది. చూడగానే ఎడమకు ఒరిగిందనిపిస్తుంది. వాడు మొదటి రోజు ప్రతిసారీ తప్పే చెప్పాడు. మూడో రోజు భోజనాల దగ్గర స్టీలు గ్లాసులో సగం నీళ్లు పోసుకుని, తన తలతో పాటు గ్లాసును కుడికి వంచి, నీటి గీత వంక చూస్తూ కాసేపు అలాగే ఉండిపోయాడు. "నీళ్లు వంగలేదు చిన్నాన్నా, నేను వంగాను" అన్నాడు. ఆ తరువాత వాడు తప్పు చెప్పగా నేను వినలేదు.

మైసూరు నుంచి అయిదో రోజు రాత్రి ఫోను చేశాడు. చివరి కాన్ఫరెన్స్ అయ్యాక ఫలితాల్లో తన చెస్ట్ నంబర్ పిలవలేదట, అంటే సిఫారసు రాలేదు. ఏం చెప్పి ఓదార్చాలా అని నేను వెతుక్కుంటుంటే వాడే అన్నాడు: "మిషన్ దాకా వెళ్లలేదు కదా చిన్నాన్నా, నా ఛాన్సు నాకు అలాగే ఉంది." మర్నాడు మధ్యాహ్నం ఇంటికి వచ్చి, అన్నం తిని, సంచిలోంచి ఆ నోటుపుస్తకం తీసి మా చిన్నదాని బల్ల మీద పెట్టాడు. దానికి ఇప్పుడు పదమూడేళ్లు.