పాత సిస్టమ్ నుంచి కొత్తదానికి: అపోహలు - వాస్తవాలు

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి సపోర్టు ఆగిపోయింది. అప్పట్నుంచి మా సర్వీస్ షాపుకి పాత సీపీయూ పట్టుకొచ్చి "ఇందులో ఉన్నదంతా కొత్తదాంట్లోకి ఎక్కించండి" అనేవాళ్లు పెరిగారు. చిక్కంతా ఆ "ఉన్నదంతా" దగ్గరే.

అపోహ: ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డర్ కాపీ చేస్తే సాఫ్ట్‌వేర్ వచ్చేస్తుంది.

వాస్తవం: రాదు. ఇన్‌స్టాల్ చేసినప్పుడు కొన్ని ఫైళ్లు అక్కడ, కొన్ని విండోస్ ఫోల్డర్లో, సెట్టింగులు యాప్‌డేటా అనే దాచిన ఫోల్డర్లో, మిగతా వివరాలు విండోస్ తన లెక్కలు రాసుకునే రిజిస్ట్రీలో పడతాయి. ఒక్క ఫోల్డర్ తెస్తే ఐకాన్ కనిపిస్తుంది, నొక్కితే చాలాసార్లు ఎర్రర్ వస్తుంది. సాఫ్ట్‌వేర్ మళ్లీ వేసుకోవాల్సిందే. తెచ్చుకోవాల్సింది అందులో మీరు చేసిన పని. అకౌంట్ల సాఫ్ట్‌వేర్ టాలీ వాడేవాళ్లు ముందు పాత సిస్టమ్‌లో లైసెన్స్ సరెండర్ చేయండి (అంటే వదిలేయండి), తర్వాతే కొత్తదాంట్లో యాక్టివేట్ చేయండి.

అపోహ: డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ తీసుకుంటే చాలు.

వాస్తవం: చాలదు. టాలీ డేటా మామూలుగా సీ డ్రైవ్‌లో పబ్లిక్ ఫోల్డర్ కింద ఉంటుంది, డాక్యుమెంట్స్‌లో వెతికితే దొరకదు. ఫాంట్ల సంగతి ఇంకా ముఖ్యం. పెళ్లికార్డులు చేసే డీటీపీ ఆయన ఒకరు పేజీలు డిజైన్ చేసే పేజ్‌మేకర్ ఫైళ్లన్నీ జాగ్రత్తగా తెచ్చుకున్నారు, తెలుగు కోసం వాడే అను ఫాంట్లు మర్చిపోయారు. ఫైల్ తెరిస్తే "శుభలేఖ" ఉండాల్సిన చోట ఇంగ్లిష్ అక్షరాలూ ఏవేవో గుర్తులూ. "నా పనంతా పోయిందండీ" అంటూ కుర్చీలో కూలబడిపోయారు. నిజానికి ఏమీ పోలేదు. ఆ ఫాంట్లు యూనికోడ్‌వి (ప్రతి భాష అక్షరానికీ సొంత కోడ్ ఉండే పద్ధతి) కావు, ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తెలుగు అక్షరాల ముక్కలు గీసి ఉంటాయి. ఫాంట్ లేకపోతే ఆ ఇంగ్లిష్ అక్షరాలే బయటపడతాయి. అదృష్టం, పాత సిస్టమ్ ఇంకా ఫార్మాట్ చేయలేదు. ఏయే ఫాంట్లు వాడారో అందులో చూసి వేశాం, కార్డులన్నీ మళ్లీ తెలుగులో కనిపించాయి. ఆయన కళ్లు చెమర్చాయి.

అపోహ: పెద్ద వీడియో ఎక్కడం లేదంటే పెన్‌డ్రైవ్ పాడైనట్టే.

వాస్తవం: చాలాసార్లు కాదు. ఫ్యాట్32 అనే పాత ఫార్మాట్‌లో ఉన్న పెన్‌డ్రైవ్ 4 జీబీ దాటిన ఫైల్‌ని తీసుకోదు. లోపలి డేటా పక్కన పెట్టుకుని ఎక్స్‌ఫ్యాట్‌లోకి ఫార్మాట్ చేస్తే సరిపోతుంది.

అపోహ: క్రోమ్ ఫోల్డర్ తెస్తే పాస్‌వర్డ్‌లూ వస్తాయి.

వాస్తవం: అవి పాత సిస్టమ్‌లోని మీ విండోస్ అకౌంట్‌తో ముడిపడి ఎన్‌క్రిప్ట్ అయి (తాళం వేసినట్టు) ఉంటాయి, కొత్తచోట తెరుచుకోవు. గూగుల్ అకౌంట్‌తో సింక్ చేసుకోండి.

అపోహ: కాపీ అయిపోయింది, ఇక పాతది ఫార్మాట్ చేసి అమ్మేయొచ్చు.

వాస్తవం: దయచేసి ఆగండి. ఎస్‌ఎస్‌డీలో (చిప్‌లతో చేసిన డిస్క్) ట్రిమ్, అంటే చెరిపిన చోటును నిజంగా ఖాళీ చేసే ఏర్పాటు, పని చేశాక చెరిగిన డేటాని రికవరీ చేయడం దాదాపు అసాధ్యం. ఎప్పుడూ కాపీయే కొట్టండి, కట్ వద్దు. రెండువైపులా ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో ఫైళ్ల సంఖ్య, సైజు సరిపోల్చండి. కొత్తదాంట్లో ఒక నెల పని చేయండి. ఒక బిల్లు కొట్టి, ఒక ప్రింటు తీసి, ఒక జీఎస్టీ రిటర్ను వేసి చూశాక పాతదాన్ని నా దగ్గరికి తీసుకురండి, అప్పుడు చెరిపేద్దాం.