మైలేజీ పడిపోతే ముందుగా చూడాల్సింది ఇంజిన్ కాదు

బైకులు రిపేరు చేయడం నా పని. "బండి మైలేజీ ఇవ్వడం లేదు, కాస్త ట్యూనింగ్ చేయండి" అనే మాట వినని వారం ఉండదు. అలా వచ్చిన బండిని ముందు సెంటర్ స్టాండ్ వేసి, న్యూట్రల్‌లో పెట్టి, వెనక చక్రాన్ని చేత్తో గట్టిగా ఒక్క తిప్పు తిప్పుతాను. బాగున్న చక్రం రెండు మూడు చుట్లు తిరిగి మెల్లగా ఆగుతుంది. బ్రేక్ పట్టేసిన బండిలో ఒక్క చుట్టు కూడా పూర్తవదు, లైనర్ రాసుకుంటున్న చప్పుడు చేస్తూ సగంలోనే నిలిచిపోతుంది.

ఒకాయన అప్పటికే రెండు చోట్ల కార్బురేటర్ (పెట్రోలు, గాలి కలిపి ఇంజిన్‌కి పంపే భాగం) స్క్రూ తిప్పించి నా దగ్గరికి వచ్చాడు. బండి ఆపగానే వెనక డ్రమ్ దగ్గర చెయ్యి పెడితే సెగ కొట్టింది. బ్రేక్ పెడల్ మీద కాలు ఆనించి నడపడం ఆయన అలవాటు. గట్టిగా తొక్కనక్కర్లేదు, పాదం బరువు చాలు. ఇంజిన్ ముందుకు లాగుతుంటే బ్రేక్ వెనక్కి పట్టుకుంటుంది, పోసిన పెట్రోలు డ్రమ్‌లో వేడిగా మారి పోతుంది. బ్రేక్ అడ్జస్ట్ చేసి, వాళ్ళు తిప్పిన స్క్రూని మళ్ళీ కంపెనీ సెట్టింగుకి తెచ్చి పంపించాను.

అపోహ: కార్బురేటర్‌లో పెట్రోలు తగ్గిస్తే మైలేజీ పెరుగుతుంది.

ఆ చిన్న స్క్రూ ప్రభావం ఎక్కువగా ఐడ్లింగ్‌లోనే, అంటే బండి నిలబడి ఇంజిన్ మాత్రం తిరుగుతున్నప్పుడే. రోడ్డు మీద వేగంగా పోయేటప్పుడు పెట్రోలు కొలిచేది కార్బురేటర్ లోపలుండే నీడిల్, మెయిన్ జెట్. గాలి, పెట్రోలు మిశ్రమాన్ని మరీ పలచన చేస్తే, అంటే పెట్రోలు బాగా తగ్గిస్తే, పికప్ చచ్చిపోతుంది. దాంతో మీరు ఎక్సలేటర్ ఇంకా ఎక్కువ తిప్పుతారు, ఇంజిన్ వేడెక్కుతుంది. అనుమానం ఉంటే ప్లగ్ విప్పి చూడండి. కొసన పింగాణీ లేత గోధుమ రంగులో ఉంటే అంతా సరిగ్గా ఉన్నట్టే. తెల్లగా పాలిపోతే పెట్రోలు చాలడం లేదు, నల్లటి మసి పడితే ఎక్కువవుతోంది. కార్బురేటర్ బదులు ఇంజెక్టర్‌తో పెట్రోలు చిమ్మే ఫ్యూయల్ ఇంజెక్షన్ బండ్లలో ఆక్సిజన్ సెన్సర్‌ని బట్టి కంప్యూటరే మిశ్రమం సర్దుకుంటుంది. వాటికి ఈ ట్యూనింగ్ మాటే వర్తించదు.

అపోహ: దిగుడులో న్యూట్రల్ వేస్తే పెట్రోలు మిగులుతుంది.

ఇంజెక్షన్ బండ్లలో దీనికి పూర్తిగా ఉల్టా జరుగుతుంది. గేరులో ఉంచి ఎక్సలేటర్ పూర్తిగా వదిలేస్తే, చక్రమే ఇంజిన్‌ని తిప్పుతుంది కాబట్టి ఇంజెక్టర్ పెట్రోలు ఆపేస్తుంది. న్యూట్రల్ వేశారా, ఇంజిన్ ఆగిపోకుండా ఉండటానికి మళ్ళీ పెట్రోలు పొయ్యాల్సిందే. కార్బురేటర్ బండిలో నాలుగు చుక్కలు మిగిలినా నేను ఒప్పుకోను. ఇంజిన్ పట్టు పోయాక భారమంతా బ్రేకుల మీదే పడుతుంది. పొడవాటి ఘాట్ దిగుడులో అవి వేడెక్కి పట్టు వదిలితే ఆపడానికి మీ చేతిలో ఇంకేమీ ఉండదు. దయచేసి ఈ అలవాటు మానేయండి.

అపోహ: ఎంత తొందరగా టాప్ గేరులో వేస్తే అంత మైలేజీ.

ఇది సగం నిజం. పెద్ద గేరులో, కొంచెం ఎక్సలేటర్‌తో, సాఫీగా పోతుంటే మైలేజీకి మంచిదే. కానీ 25 వేగంలో టాప్ గేరు వేసి తిప్పితే బండి దడదడలాడుతుంది, చైన్ టకటక కొట్టుకుంటుంది. ఆ చప్పుడు వినగానే ఒక గేరు తగ్గించండి.

అసలు పెట్రోలు తాగేది గాలి. వేగం 60 నుంచి 80కి పెరిగితే గాలి అడ్డు దాదాపు 1.8 రెట్లవుతుంది. 100-125 సీసీ బండిని 45-55 మధ్య నిలకడగా నడిపితే వచ్చే లాభం ఏ ట్యూనింగ్‌తోనూ రాదు. దూరంగా ఎర్ర లైటు కనిపించగానే ఎక్సలేటర్ వదిలేయండి. దాని దాకా దూసుకెళ్ళి బ్రేక్ వేస్తే, ఆ వేగం కోసం కాల్చిన పెట్రోలంతా వృథా.

అపోహ: కారు ఆయిల్ పలచన కాబట్టి బైకులో పోస్తే మైలేజీ వస్తుంది.

గేర్ల బండ్లలో చాలావరకు క్లచ్ ప్లేట్లు ఇంజిన్ ఆయిల్‌లోనే మునిగి ఉంటాయి. కారు ఆయిళ్ళలో చాలావాటికి రాపిడి తగ్గించే మందులు కలుపుతారు. వాటితో ప్లేట్లు జారిపోతాయి, ఇంజిన్ అరుస్తుంది కానీ బండి కదలదు. డబ్బా మీద జాసో ఎంఏ లేదా ఎంఏ2 (ఆయిల్‌లో మునిగిన క్లచ్‌కి సరిపోతుందని చెప్పే గుర్తు) అని ఉందో లేదో చూసి, మాన్యువల్‌లో రాసిన గ్రేడే పోయండి. అంతకన్నా చిక్కటిది పోసినా నష్టమే, ఇంజిన్ బరువుగా తిరుగుతుంది.

మిగతావి క్లుప్తంగా. ప్రీమియం పెట్రోలులో ఆక్టేన్ ఎక్కువ, అది నాకింగ్‌ని (ఇంజిన్‌లో పెట్రోలు అదుపు తప్పి మండి టకటక కొట్టడాన్ని) ఆపుతుంది తప్ప మామూలు పెట్రోలుకి తయారైన ఇంజిన్‌కి మైలేజీ పెంచదు. తెల్లవారుజామున పోయిస్తే ఎక్కువ వస్తుందన్నదీ అంతే, భూమిలోని ట్యాంకులో వేడి పూటపూటకీ పెద్దగా మారదు. పెట్రోలు పైపుకి తగిలించే అయస్కాంతాలు దండగ. టైర్లలో గాలి తగ్గితే మైలేజీ నిజంగానే పడిపోతుంది. అలాగని ఎక్కువ కొట్టిస్తే రోడ్డు పట్టు పోతుంది. టైరు చల్లగా ఉన్నప్పుడు, మాన్యువల్‌లో ఉన్నంతే కొట్టించండి.

ఇంతా చేసి, మీటరు మీద కనిపించే మైలేజీ అంకెనే నమ్మకండి. ఫుల్ ట్యాంక్ చేయించి కిలోమీటర్లు రాసుకోండి. కనీసం 200 తిరిగాక అదే బంకులో, బండిని అలాగే స్టాండ్ వేసి, మళ్ళీ ఫుల్ చేయించండి. తిరిగిన కిలోమీటర్లను ఈసారి పట్టిన లీటర్లతో భాగించండి. మూడుసార్లు ఇలా లెక్కేశాక కూడా తక్కువే వస్తుంటే, ఆ కాగితంతో పాటు బండిని మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళండి.