100 ఎంబీపీఎస్ కనెక్షన్‌లో 11.3 లెక్క

ఆమదాలవలస నుంచి ఒక డిగ్రీ కుర్రాడు అడిగాడు: "సార్, మా ఇంట్లో 100 ఎంబీపీఎస్ ప్లాన్. ల్యాప్‌టాప్‌కి వైరు పెట్టి గేమ్ డౌన్‌లోడ్ చేస్తే 11 దాటట్లేదు. కంప్లైంట్ ఇవ్వాలా?"

వద్దు బాబూ. ఆ 11 పక్కన చుక్క తర్వాత ఏముందో చూడు. 11.3 దగ్గర కదలకుండా ఉంటే నీ కనెక్షన్ నిక్షేపంగా ఉన్నట్టే.

కంపెనీ అమ్మేది మెగాబిట్లలో (ఎంబీపీఎస్ అంటే సెకనుకు ఇన్ని మెగాబిట్లు అని), ల్యాప్‌టాప్ చూపేది మెగాబైట్లలో. 8 బిట్లయితే ఒక బైటు. ఫోన్‌లో 'శ్రీకాకుళం' అని కొట్టావనుకో. గుణింతపు గుర్తులు, పొల్లు, సున్నా అన్నీ విడివిడిగా లెక్కేస్తే 10 గుర్తులు. అక్షరాలను బైట్లుగా మార్చే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు గుర్తు ఒక్కోదానికి 3 బైట్లు, అంటే 30 బైట్లు, 240 బిట్లు. 100 ఎంబీపీఎస్ వైరులో ఈ పేరు సెకనుకు నాలుగు లక్షల సార్లకు పైగా పడుతుంది. 100ని 8తో భాగిస్తే 12.5. మరి 11.3 ఎక్కడిది?

విజయనగరం నుంచి మామిడిపళ్ళు బుట్టల్లో పంపితే తూకంలో పళ్ళతోపాటు గడ్డీ, బుట్టా ఉంటాయి కదా. డేటా కూడా అలాగే ప్యాకెట్లలో వెళ్తుంది. మామూలుగా ఒక ప్యాకెట్‌లో అసలు సరుకు 1460 బైట్లు. ఎవరికి చేరాలి, ఎన్నో ముక్క అన్న వివరాలకు ఇంటర్నెట్ నడిచే ఐపీ, టీసీపీ అనే రెండు పద్ధతులు చెరో 20 బైట్లు తీసుకుంటాయి. ఇది గడ్డి. దానిమీద ఈథర్నెట్, అంటే వైరు నెట్‌వర్క్ పద్ధతి, వేసే బుట్ట: చిరునామాలు వగైరాలకు 14, తప్పులు పట్టే కోడ్‌కు 4, 'వస్తున్నా, కాచుకో' అని ముందుగా పంపే సంకేతానికి 8. ఇక బుట్టకూ బుట్టకూ మధ్య ఖాళీ, 12 బైట్లు పట్టేంత సేపు. మొత్తం 1538. వైరు 1538 బైట్ల కాలం పనిచేస్తే మనకు దక్కేది 1460. 12.5ని ఆ నిష్పత్తిలో తగ్గిస్తే దాదాపు 11.87.

ఇంకో కోత మిగిలింది. ఇది వైరులో జరిగేది కాదు, కొలిచే గిన్నెలో ఉంది. నెట్‌వర్క్ వాళ్ళకు మెగా అంటే పది లక్షలు. విండోస్‌కు 1024 ఇంటూ 1024, అంటే 10,48,576. ఈ గందరగోళం తీర్చడానికే 1998లో ఐఈసీ అనే అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ రెండోదానికి మెబిబైట్ అని వేరే పేరు పెట్టింది. విండోస్ మాత్రం ఇప్పటికీ ఎంబీ అనే రాస్తుంది. మన కంప్యూటర్ క్లాసుల్లో 'ఒక కేబీకి 1024 బైట్లు' అని బట్టీ పట్టిస్తారు గానీ, వేగం దగ్గర కిలో అంటే వెయ్యేనని ఒక్కరూ చెప్పరు. 11.87ని 1.048576తో భాగించు. 11.32.

వైఫైకి ఈ లెక్క అతకదు. గోడలు, పక్కింటి రూటర్లు, ఒకే గాలిని పంచుకునే ఫోన్లు కలిసి వేగాన్ని ఇంకా తినేస్తాయి. రూటర్‌ని ఈశాన్య మూల పెడితే స్పీడు పెరుగుతుందని నమ్మేవాళ్ళూ ఉన్నారు. సిగ్నల్‌కి వాస్తు తెలీదు, ఇంటి మధ్యలో కాస్త ఎత్తున పెడితే చాలు.

కంప్లైంట్ ఇవ్వాల్సింది ఎప్పుడంటే, 300 ప్లాన్ తీసుకుని కూడా అదే 11.3 దగ్గర ఆగిపోతే. అంటే దారిలో ఎక్కడో 100 దగ్గర బిగుసుకుంది. నెట్‌వర్క్ కేబుల్లో 8 తీగలుంటాయి. 100 ఎంబీపీఎస్‌కు నాలుగు చాలు, గిగాబిట్‌కు, అంటే 1000 ఎంబీపీఎస్‌కు, ఎనిమిదీ కావాలి. 100కి అక్కర్లేని ఆ మిగతా నాలుగింట్లో ఎలక ఒక్క తీగ కొరికినా, ప్లగ్గులో ఒక్కటి సరిగ్గా కూర్చోకపోయినా చాలా పరికరాలు చప్పుడు చేయకుండా 100కి దిగిపోతాయి. రూటర్ పోర్టే 100ది అయినా ఇదే కథ. ముందు కేబుల్ మార్చి చూడు, తర్వాత రూటర్ వెనక లేబుల్ చదువు. అప్పటికీ కదలకపోతే ఫోన్ చెయ్యి.